జ్వరం దిగిన పూట

గుప్పెడు బియ్యం వండడం అంత తేలికైన పని కాదు. సంఘంలో ప్రతి ఆడమనిషీ పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేరున ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం దాన్ని సంచిలో పోసుకొచ్చి మందిరంలో ఉన్న గోనెలో కుమ్మరిస్తుంది. ఒకరింటి నుంచి సన్నబియ్యం, ఒకరింటి నుంచి కోటా బియ్యం, ఏజెన్సీ నుంచి దిగివచ్చి స్థిరపడ్డవాళ్ల సంచుల్లోంచి ఎర్రటి దంపుడు బియ్యం. దేవుడి గోనెలో అన్నీ ఒకటే. గుండిగలో మాత్రం ఒకటి కావు. సన్నవి ముద్దయ్యేసరికి లావువి పలుకు మీద ఉంటాయి, లావువి ఉడికేదాకా ఆగితే సన్నవి జావ అయిపోతాయి. అందుకని విందు ముందురోజు అప్పలకొండమ్మ జల్లెడా చాటా ముందేసుకుని కూర్చుని, సన్నం కిందికి దించి, లావు పైన నిలిపి, దేనికి దాన్ని విడిగా పెట్టుకుంటుంది. మర్నాడు లావు బియ్యం ముందుగా నానేసి, ముందుగా పొయ్యి మీదికి ఎక్కిస్తుంది. తినేవాళ్లు "అన్నం పువ్వులా ఉంది, ప్రభువుకి స్తోత్రం" అంటారు. ఆ స్తోత్రంలో నడుంనొప్పి ఎవరిదో ప్రభువుకే తెలుసు.

ఆవేళ కూడా అలాగే జల్లెడ పడుతూ కూర్చుంది. చేతులు బియ్యం మీద ఉన్నాయి గానీ చెవులు వెనక గది మీదే ఉన్నాయి. ఆ గదిలో కూతురు దుర్గ జ్వరంతో పడి ఉంది. మూలుగు వినిపిస్తే ఒక భయం, వినిపించకపోతే ఇంకో భయం.

గుమ్మంలో నీడ పడింది. అల్లుడి అక్క రామాయమ్మ.

"ఏటత్తా, నీ కూతురు ఇంకా లెగనేదేటి? రేపు వార్షికోత్సవం. వైజాగు నుంచి పెద్దయ్యగారు వొస్తన్నారు. అమ్మగారే మంచమెక్కీస్తే వడ్డన ఎవులు సేస్తారు?"

"ఒళ్లు కాలిపోతన్నాది రామాయమ్మా. కళ్లెనకాల నొప్పంటాది. నాలిక మీద తడి నేదు."

"జొరం ఎవులికి రాదేటి? జొరం ఒంటికొస్తాది గానీ సేవకి రాదు" అని రామాయమ్మ, అక్కడున్న ఉల్లిపాయల బస్తా ఒక చేత్తో ఈడ్చుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయింది.

రామాయమ్మని చెడ్డదని అనలేం. మొగుడు వదిలేసి వెళ్లినప్పటి నుంచి ఆ మందిరం ఊడ్చి, చాపలు పరిచి, చాపలు దులిపి, మళ్లీ పరిచి తన బతుకు తను లాక్కొచ్చిన మనిషి. తను పడ్డ కష్టం ఇంకొకరు పడకపోతే ఆ కష్టానికి విలువ తగ్గిపోతుందని అనుకునేవాళ్లు ఉంటారు చూడండి, అదీ ఆమె తత్వం.

అప్పలకొండమ్మది నాతవరం వైపు పల్లె. తాండవ కాలవ నీళ్లు పారే మడి, దుర్గ ఒక్కర్తే కూతురు. మొగుడు ఉన్నన్నాళ్లు కూతురింటికి వస్తే సాయంత్రానికి తిరుగు ఆటో ఎక్కేసేది. కూతురింట్లో అన్నం తినడమంటే అల్లుడి ముందు చెయ్యి చాపడమేనని ఆమెని పెంచినవాళ్లు నూరిపోశారు. మొగుడు పోయాక మడి కౌలుకిచ్చి, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని నర్సీపట్నం వచ్చింది. "మీ అమ్మ ఉంటే నీకూ సాయం" అన్నాడట అల్లుడు. ఆ మాట కూతురు ఎంతో సంతోషంగా చెప్పింది. అప్పలకొండమ్మకి మాత్రం అందులో 'సాయం' అన్న ముక్కే చెవిలో ఉండిపోయింది. వచ్చిన మొదటి పూట నుంచి ఆమె తిన్న ప్రతి ముద్దకీ ముందో గిన్నె తోమింది. ఎవరూ తోమమనలేదు. తోమకుండా తింటే ఎవరైనా ఏమైనా అంటారేమోనన్న ఊహే చాలు, చేతులు వాటంతటవే పీచు వెతుక్కునేవి.

అల్లుడి అసలు పేరు దేవుళ్లు. ఒకప్పుడు నాతవరానికీ నర్సీపట్నానికీ మధ్య ఆటో తిప్పేవాడు. కుట్టుపని నేర్చుకోవడానికి ఆ ఆటోలో వెళ్లిన దుర్గని చూసి, ఇష్టపడి, పెళ్లి చేసుకున్నాడు. తర్వాత ఆటో బోల్తాపడి, చావు తప్పి, తన కోసం ప్రార్థన చేసినవాళ్ల దేవుణ్ణి నమ్ముకున్నాడు. ఒక్క దేవుణ్ణి నమ్మేవాడికి దేవుళ్లు అనే పేరేమిటని బాప్తిస్మమిచ్చిన పెద్దాయన నవ్వి, ప్రభుదాసు అని పెట్టాడు. దుర్గ దీవెన అయింది. పెదబొడ్డేపల్లి దగ్గర రేకులషెడ్డులో మందిరం పెట్టాక ఆయన అందరికీ అయ్యగారు అయ్యాడు, దుర్గ అందరికీ అమ్మగారు అయింది. అమ్మగారంటే ఏమిటనుకున్నారు? పాట ఎత్తుకోవాలి, చంటిపిల్లల తల్లులకి ప్రార్థన చెప్పాలి, మొగుడు కొట్టినవాళ్ల కన్నీళ్లు తుడవాలి, మందిరం మరుగుదొడ్డి కడగాలి, ఎవరు ఏ వేళ వచ్చినా టీ పెట్టాలి. పిల్లలు పుట్టలేదు. "సంఘమే నీ పిల్లలు" అనేది రామాయమ్మ. ఆ పిల్లలు పాలు అడగరు గానీ తక్కిన అన్నీ అడుగుతారు.

అప్పలకొండమ్మ కూడా బాప్తిస్మానికి వరహా ఏటిలో మునిగి లేచింది. మొహమాటానికి మునగలేదు. బరువులు మోసి అలిసినవాళ్లని ప్రభువు తన దగ్గరికి రమ్మన్నాడనీ, విశ్రాంతి ఇస్తానన్నాడనీ కూతురు చదివి వినిపించిన రోజున ఆ మాట గుండెలో దిగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక విశ్రాంతి ఇస్తానని తనతో అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ ఒక్క మాటకే ఆయన వెనక వెళ్లింది. అయితే విశ్రాంతి మాట విని వచ్చిన ఆడవాళ్లంతా మందిరం వెనక వంటపాకలోనే ఎందుకు తేలారో ఆమెకి అంతుపట్టలేదు. అడిగే ధైర్యమూ లేదు. నలుగురిలో తను కూడా అల్లుణ్ణి "అయ్యగారూ" అనే పిలిచేది.

బియ్యం పని ముగించి లోపలికెళ్లి కూతురి నుదుటి మీద చెయ్యి వేస్తే పెనం తగిలినట్టయింది. ముంజేతుల మీద ఎర్రగా చెమటకాయల్లాంటివి లేచి ఉన్నాయి. వీధిచివర మందుల కొట్లో ఇచ్చిన బిళ్లలు వేస్తే కాసేపు తగ్గడం, మళ్లీ ఎక్కడం, కొన్నాళ్లుగా ఇదే వరస. అల్లుడు బట్టలు మార్చుకోవడానికి వచ్చినప్పుడు ఆమె పైట సర్దుకుని గుమ్మం పక్కన నిలబడి అంది:

"బాబూ, పెద్దాసుపత్రికి తీసుకెల్తే మంచిదేమో. రగతం సూస్తారు."

ప్రభుదాసు భార్య వైపు చూశాడు. ఆ చూపులో ప్రేమ లేకపోలేదు. భయం కూడా ఉంది. "రేపొక్క రోజు గడవనీ అత్తా. కూటం అయిపోయాక నేనే తీసుకెళ్తాను. నిన్ననే కదా సంఘం ముందు నిలబడి ఆమె స్వస్థత కోసం ప్రార్థన ఎత్తాను. ఇవాళ అమ్మగారిని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోతే, వైజాగు నుంచి వచ్చే పెద్దయ్యగారికి నేనేం చెప్పుకోను? ఇంటి మనిషికే పనికిరాని ప్రార్థన ఊరికేం పనికొస్తుందనరా?"

"అంటే అననీ" అనాలనుకుంది అప్పలకొండమ్మ. తింటున్నది అల్లుడి అన్నమని గుర్తొచ్చింది. "అలాగే బాబూ" అంది. మంచం మీంచి దుర్గ, కళ్లు తెరవకుండానే, "నాకేటి పర్లేదమ్మా" అంది. ఆడదాని నోట ఈ మాట ఎంత చవగ్గా వస్తుందో.

మర్నాడు పొద్దున సంఘపెద్దలు ముగ్గురు వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. ప్రభుదాసు మోకాళ్లూని, భార్య తల మీద చెయ్యి పెట్టి, చొక్కా తడిసేలా ఏడ్చి ప్రార్థన చేశాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. ప్రార్థన ముగియకుండానే దుర్గకి చెమటలు పట్టాయి. పక్కదుప్పటి తడిసిపోయింది. సంఘపెద్ద ఒకాయన ఆమె నుదురు తాకి చూసి, ఒక్క కేక పెట్టాడు. "సల్లబడిపోయింది! ప్రభువుకి స్తోత్రం!" వీధిదాకా స్తోత్రాలు మోగాయి. రామాయమ్మ పరిగెత్తుకొచ్చి తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చింది. అప్పలకొండమ్మ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే అలవాటు చొప్పున కూతురి పాదాలు పట్టుకుంది. పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"కడుపులో నొప్పమ్మా" అంది దుర్గ మెల్లిగా.

"నీరసం. రెండు రోజులు ఏటీ తిననేదు కదా. పడుకో తల్లీ, పడుకో."

"పడుకోడమేటి?" అంది రామాయమ్మ. "బైబిల్లో శిష్యుడు పేతురు అత్త పడుకున్నాదా? ప్రభువు జొరం దింపగానే లెగిసి అందరికీ వండి పెట్టింది. లెగిస్తేనే కదా స్వస్థత అయినట్టు! పడుకుంటే సాతానుకి సందిచ్చినట్టు."

ఆ సంఘంలో అది ఎవరూ ప్రశ్నించని లెక్క. జ్వరం దిగడం సగం, లేవడం తక్కిన సగం. మగవాడికి రోగం నయమైతే సాక్ష్యం చెప్పి కుర్చీలో కూర్చుంటాడు. ఆడది నయమైతే గరిటె పట్టుకుంటుంది. గరిటె పట్టుకున్నాకే ఆమెకి నయమైందని జనం నమ్ముతారు.

"దీవెనా" అన్నాడు ప్రభుదాసు. "లే. ప్రభువు నామంలో లే."

అప్పలకొండమ్మ కూతురి చీలమండ మీద చెయ్యి తియ్యలేదు. "ఈ పూటకి వొదిలెయ్యండి అయ్యగారూ. వడ్డన నేను సూసుకుంటాను."

"అత్తా, నీకు విశ్వాసం సాలదు" అంది రామాయమ్మ, అందరి ముందూ. పెద్దల్లో ఒకాయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుకి అప్పలకొండమ్మ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. దుర్గ మంచం పట్టె పట్టుకుని లేచింది. స్తోత్రాలు మళ్లీ మోగాయి.

షామియానా కింద కుర్చీలు నిండాయి. మాకవరపాలెం నుంచి, కోటవురట్ల నుంచి కూడా జనం వచ్చారు. వైజాగు పెద్దయ్యగారు బొద్దుగా, తెల్లటి బట్టల్లో, తేనెలాంటి గొంతుతో మాట్లాడే మనిషి. వంటపాక పక్కనే ఒక మైకు పెట్టె కట్టడం వల్ల ఆయన మాట్లాడే ప్రతి ముక్కా గుండిగల మధ్య కూర్చున్న అప్పలకొండమ్మ నెత్తిన పడుతోంది.

"ప్రియులారా! శిష్యత్వమంటే ఏమిటో పేతురు అత్తను చూసి నేర్చుకోండి! జ్వరపడి లేచిన మనిషి. 'ఒక్క పూట ఆగుతాను ప్రభువా' అందా? అనలేదు! 'ఒళ్లు నొప్పులు ప్రభువా' అందా? అనలేదు! వెంటనే లేచింది. వెంటనే వడ్డించింది. ఈ ఉదయం మన దీవెనమ్మగారిని దేవుడు అలాగే లేపాడు! అమ్మగారూ, ఒక్కసారి ఇలా ముందుకు రండి!"

దుర్గ ముందుకు వెళ్లింది. చప్పట్లు. ఆకుపచ్చ చీరలో మొహం తెల్లగా పాలిపోయి, నవ్వుతూ నిలబడింది. వంటపాక అంచున నిలబడి చూస్తున్న తల్లికి ఆ నవ్వు ఎవరిదో తెచ్చి పెదాలకి తగిలించినట్టు అనిపించింది.

బంతి కూర్చుంది. దుర్గ పప్పుచారు బకెట్టు పట్టుకుంది. అప్పలకొండమ్మ వెనకే వెళ్లి బకెట్టు అందుకోబోయింది.

"ఇటియ్యమ్మా."

"ఒద్దమ్మా" అంది దుర్గ, పెదాలు కదపకుండా. "అందరూ నన్నే సూస్తన్నారు. కూకుంటే ఆయన మాట పోద్ది."

"మాట పోతే పోనీ. నీ ఒళ్లు సూడు. సేతులు ఒణికిపోతన్నాయి."

"ఈ బంతికేనమ్మా. తర్వాత కూకుంటాను."

ఆ బంతి అయింది. ఇంకో బంతి కూర్చుంది. "అమ్మగారూ, చారు!" "అమ్మగారూ, ఇటు!" ప్రతి పిలుపుకీ దుర్గ తిరిగింది. అందరూ అమ్మగారి చేతి వడ్డనే కావాలన్నారు, దేవుడు తాకిన చెయ్యి కదా. చివరికి ఎప్పుడు వెనక్కి వచ్చిందో ఎవరూ చూడలేదు. అంట్లు తోమే గట్టు దగ్గర గోడకి ఆనుకుని కూర్చుని ఉండగా అప్పలకొండమ్మే చూసింది. వాంతి చేసుకుంది. అందులో కాఫీ గసిలాంటి నలుపు. చిగుళ్ల దగ్గర ఎర్రటి గీత. తల్లి భుజం పట్టుకుని కుదిపితే కళ్లు తెరిచి, "అందరూ తిన్నారా?" అంది.

దుర్గ అన్న ఆఖరి మాట అదే.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, దుర్గ కన్నా చిన్నది. నాడి చూసి, కనురెప్ప ఎత్తి చూసి, నర్సుని కేకేసి రెండు చేతులకీ సూదులు పెట్టించింది. అప్పుడు అడిగింది: "జ్వరం ఎప్పుడు తగ్గింది?"

"పొద్దున్నేనమ్మా. ప్రార్థన సేస్తే..."

"తగ్గాక ఏం చేశారు?"

"లెగిసి వడ్డించింది."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చెయ్యవలసిన పని చేస్తూనే, చదువురానివాళ్లకి చెప్పే ఓపికతో చెప్పింది. "ఈ జ్వరాలు ఇలాగే ఉంటాయమ్మా. దిగిందనుకున్న పూటే అసలు ప్రమాదం మొదలవుతుంది. లోపల నెత్తుట్లో నీరంతా బయటికి కారిపోతుంది. అప్పుడే పడుకోబెట్టి, రక్తం చూపించి, కళ్లల్లో వత్తులేసుకుని చూసుకోవాలి." వైజాగు తీసుకెళ్లాలంది. అంబులెన్సు వచ్చింది. ప్రభుదాసు ముందు కూర్చున్నాడు, అప్పలకొండమ్మ వెనక కూతురి చెయ్యి పట్టుకుని కూర్చుంది. అనకాపల్లి దాటకుండానే ఆ చెయ్యి బరువెక్కింది. వెనకున్న అంబులెన్సు మనిషి అద్దం మీద తట్టి డ్రైవరుకి సైగ చేశాడు, సైరను ఆపేశారు. సైరను ఆగాక రోడ్డు మీది మామూలు హారన్లు, ఎవరి తొందర వారిది, వినిపించడం మొదలయ్యాయి. అప్పుడు తెలిసింది ప్రభుదాసుకి. వెనక్కి తిరిగి, "అత్తా" అన్నాడు. ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

సమాధి దగ్గర జనం విరగబడి వచ్చారు. "ఎంత అందమైన మరణం, సేవ చేస్తూ చేస్తూ వెళ్లిపోయింది" అన్నారు. "మహిమలోకి పిలుచుకున్నాడు" అన్నారు. వైజాగు పెద్దయ్యగారు ఫోన్లో ప్రార్థన చేశారు, స్పీకరు పెట్టి అందరికీ వినిపించారు. రామాయమ్మ మాత్రం మట్టిలో పొర్లి ఏడ్చింది, "నేనే లెగమన్నాను, నేనే లెగమన్నాను" అని. ఇద్దరు ఆడవాళ్లు ఆమె నోరు కొంగుతో మూసి పక్కకి తీసుకెళ్లారు. అలాంటి మాట సమాధి దగ్గర అనకూడదట.

తర్వాత రోజుల్లో పరామర్శకి వచ్చినవాళ్లకి టీ ఎవరు పెట్టారనుకున్నారు? అప్పలకొండమ్మే. కూతురు పోయిన తల్లి పాలు పొంగకుండా చూసుకుంటూ పొయ్యి దగ్గర నిలబడింది. వచ్చినవాళ్లు గ్లాసు అందుకుని "ఓదార్పు పొందమ్మా" అనేవాళ్లు. ఓదార్పు పొందడానికి కూర్చోవాలి కదా. ఎవరూ కూర్చోమనలేదు.

పాలు కాగుతుండగా ఆమె బుర్రలో పేతురు అత్త తిరుగుతూ ఉండేది. ఇంతకీ ఆవిడా తనలాంటిదే. మొగుడు ఉన్నాడో లేడో, అల్లుడింట్లో ఉంది. అల్లుడు వలలు ఒడ్డున వదిలేసి బోధకుడి వెనక తిరుగుతున్నాడు. ఇంటికి చేపలు వస్తున్నాయో లేదో ఎవరికి తెలుసు? కూతురు ఏం చేస్తోందో ఎవరూ చెప్పలేదు. అంతమంది ఒక్కసారిగా ఇంట్లోకి వస్తే ముసలావిడ మంచం మీద ఎలా కుంచించుకుపోయి ఉంటుందో అప్పలకొండమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్లు ఆ కథ వింటున్నా అందరూ ఆవిడ లేచిన దగ్గర్నుంచే మొదలుపెడుతున్నారు. అంతకుముందు ఏం జరిగిందో ఒక్కరూ ఆగి చూడలేదు.

ఒక సాయంత్రం ప్రభుదాసు వంటింటి గుమ్మంలో వచ్చి కూర్చున్నాడు. గడ్డం పెరిగి, కళ్లు లోతుకి పోయి ఉన్నాయి. ఆయన వంటింట్లో కూర్చోవడం అదే మొదలు. ఆమె గ్లాసు ఇవ్వబోతే వద్దన్నాడు.

"బాబూ, ఒకటి అడగనా?" అంది, తనూ నేల మీద కూర్చుని. అయ్యగారూ అనలేదు. "ఆయన పేతురింటికి వొచ్చారు కదా. రాగానే ఏటి సేసినారు? బోయినానికి కూకున్నారా?"

ప్రభుదాసు ఎక్కడో ఉన్నవాడు తిరిగి వచ్చినట్టు చూశాడు. "లేదు అత్తా. ఆమెకి జ్వరంగా ఉందని చెప్పారు. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకున్నారు."

"ముందు సెయ్యి పట్టుకున్నారు."

"అవును."

"ఆకలేస్తందని గానీ, వొండి పెట్టమని గానీ అన్నారా?"

"అలా ఎక్కడా లేదు."

"వాళ్లావిడ... పేతురు పెళ్లాం, ఆవిడ పేరేటి?"

"రాయలేదు అత్తా."

"పోనీ, అత్త పేరు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా, ఆటో నడిపేటప్పటి దేవుళ్లులా, ఏడ్చాడు. "నాను సంపీసినానత్తా. దుర్గని నానే సంపీసినాను." భార్యని దుర్గ అని ఆయన పిలిచి ఎన్నేళ్లయిందో. అప్పలకొండమ్మకి ఆయన తల మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వెయ్యకూడదనీ అనిపించింది. ఓదార్చడం కూడా తన వంతు పనే అయితే ఇక ఆ పనికి అంతుండదు. పొయ్యి మీద పాలు పొంగి కారిపోయాయి. ఈసారి ఆమె లేవలేదు. ఇద్దరూ ఆ కాలిన వాసనలోనే కూర్చున్నారు.

ఆదివారం వచ్చింది. సంఘపెద్ద ముందురోజే చెప్పి పెట్టాడు: "దేవుడు ఇచ్చాడు, దేవుడే తీసుకున్నాడు, స్తోత్రమని రెండు ముక్కలు సాక్ష్యం సెప్పమ్మా. సంఘం బలపడతాది." అప్పలకొండమ్మ తెల్లచీర కట్టుకుని ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుంది. పేరు పిలిచినప్పుడు లేచి ముందుకెళ్లింది. మైకు ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుంది, రోకలి పట్టుకున్నట్టు.

"నాకు సదువు రాదు. ఇన్నాళ్లు ఎనకాలుండి మైకులో ఇన్నదే నా సదువు. నా కూతురు జొరంతో సచ్చిపోనేదు. జొరం దిగినాక సచ్చిపోయింది. పేతురు అత్త లెగిసిందని దాన్నీ లేపినారు. నేను ఒద్దన్నాను, ఒక్కసారే అన్నాను. ఎవులో నవ్వితే సెయ్యి తీసేసినాను." ఎవరో "స్తోత్రం" అనబోయి మధ్యలో ఆపేశారు. "ఆయన ఆ ఇంటికొచ్చి, తినడానికి కూకోనేదు. ముందు పడుకున్న మనిషి కాడికి ఎల్లినారు. సెయ్యి పట్టుకున్నారు. ఆయన ఎనకాల నడవడమంటే అదే కదేటి? ఎవులింట్లో ఎవులు పడుకున్నారో సూడ్డం. మనం ఆవిడ్ని సూసి వడ్డించడం నేర్సుకున్నాం. ఆయన్ని సూసి ఏటీ నేర్సుకోనేదు."

ప్రభుదాసు బల్ల వెనక తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె ఆడవాళ్ల వైపు తిరిగింది.

"అమ్మా, మీ ఇళ్లల్లో ఎవులికైనా జొరం దిగితే లెగకండి. పెద్దాసుపత్రిలో రగతం సూపించుకోండి. పొయ్యి కాడ మనిషి నేదంటే నాకు కబురెట్టండి. నేనొస్తాను. ఏ ఏల అయినా వొస్తాను. వొచ్చి ఆ మనిషి పక్కన కూకుంటాను. వంట ఎవులు సేస్తారో ఆ ఇంటి మొగోళ్లు సూసుకుంటారు."

మగవాళ్ల వైపు నుంచి కుర్చీలు కదిలాయి. సంఘపెద్ద మైకు అందుకోవడానికి గబగబా ముందుకొచ్చాడు. "అమ్మ బాధలో ఉన్నాది. ఆమె కోసం ప్రార్థన చేద్దాం, అందరూ కళ్లు మూసుకోండి." అందరూ కళ్లు మూసుకున్నారు. ఆ మూసుకున్న కళ్ల మధ్యలోంచి బలిఘట్టం వీధి పుష్పవతి ఒక్కర్తే చాప మీంచి లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అప్పలకొండమ్మ పక్కకి వచ్చింది.

"అప్పా" అంది చెవిలో, సొంత అక్కని పిలిచినట్టు. "మా కోడలికి మొన్నటి నుంచి జొరం. ఈ పొద్దున్నే సల్లబడ్డాది. అంట్ల కాడ కూకోబెట్టి వొచ్చీసినాను."

"కాళ్లు సూసినావా?"

"సల్లగా ఉన్నాయప్పా."

అప్పలకొండమ్మ మైకు సంఘపెద్ద చేతిలో పెట్టింది. ప్రార్థన ఇంకా ముగియలేదు. చాపల మధ్య సందులోంచి ఇద్దరూ గుమ్మం దాకా వచ్చారు. బయట గుట్టగా పడి ఉన్న చెప్పుల్లో తనవి ఎక్కడున్నాయో కనిపించలేదు. వెతకడానికి ఆగలేదు. ఎండలో సిమెంటు రోడ్డు కాలిపోతోంది. "నడు, బేగి నడు" అని పుష్పవతి మోచెయ్యి పట్టుకుని, వట్టికాళ్లతో, ఆమె కన్నా ముందు నడిచింది.